జలాశయమున చేపలవేట: జి.పి.ఎస్. యంత్రమునకు పటపు కార్డును ఎంచుకొనుట యెట్లు?

1955 డిసెంబరు 10వ తేదీన పండిత జవాహర్‌లాల్ నెహ్రూగారు నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన శ్రీమతి ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచిరి. ఈ రెండు తేదీల నడుమ కృష్ణ ఒడ్డుననున్న ఒక లోయ క్రమముగా నీటి పాలయ్యెను. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసిన తావు అదియే. పురావస్తు శాఖవారు 1954 మొదలు 1960 వరకు అచట తవ్వకములు జరిపి, బయల్పడిన కట్టడములలో ముఖ్యమైనవానిని కొండ మీదికిని, ఒడ్డుననున్న అనుపునకును తరలించి తిరిగి నిలిపిరి. కొండ ద్వీపమాయెను. పొలముల గట్లు, బండ్ల బాటలు, చెట్ల మోడులు, రాతి గుట్టలు నీటి అడుగుననే యుండిపోయెను.

మాచర్ల తాలూకా పెద్దలకు ఈ కథ తెలియనిది కాదు. దీనిని ఇచట తలచుటకు కారణము వేరు. నేడు ఆ నీటి మీద వల వేయు మత్స్యకారుడు మునిగిపోయిన ఆ నేల మీదనే తన జీవనము సాగించుచున్నాడు. బొచ్చె, శీలావతి, వాలుగ ఎచట తిరుగునో నిర్ణయించునది ఆ నేలయే. వల చిక్కుకొని చిరుగునది ఆ మోడులకే. పడవ అడుగు పగులునది ఆ బండల మీదనే. కనుకనే ఇటీవల పల్నాటి జలాశయముల ఒడ్డున గల మత్స్యకారుల సహకార సంఘములవారు జి.పి.ఎస్. యంత్రములను, వానిలో పెట్టు పటపు కార్డులను కొనవలెనని పంచాయతీలను సలహా యడుగుట, సిఫారసు ఉత్తరములు కోరుట జరుగుచున్నది. యంత్రమును గూర్చి చెప్పువారు బజారులో పెక్కుమంది కలరు. కార్డును గూర్చి చెప్పువారు తక్కువ. సంఘము సొమ్ము వ్యర్థమగునది ఎక్కువగా ఈ కార్డు వద్దనే యని మేము గమనించితిమి. అందుచేత దానిని గూర్చియే ఈ వ్యాసము.

మొదట మూడు వస్తువులను వేరువేరుగా తెలిసికొనవలెను. జి.పి.ఎస్. అనునది ఆకాశమున తిరుగు ఉపగ్రహముల నుండి వచ్చు సంకేతములను పట్టి, పడవ ఇప్పుడు భూమి మీద ఏ అక్షాంశమున, ఏ రేఖాంశమున ఉన్నదో చెప్పును. మంచి యంత్రములో పొరపాటు కొద్ది మీటర్లకు మించదు. అయితే నీరు ఎంత లోతు కలదో దానికి తెలియదు. లోతు చెప్పునది సోనార్. పడవ అడుగున బిగించిన చిన్న పరికరము నీటిలోనికి ధ్వనిని పంపును. ఆ ధ్వని నేలను తాకి తిరిగివచ్చుటకు పట్టిన కాలమును లెక్కగట్టును. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోవును గనుక, 30 మీటర్ల లోతు నుండి తిరిగివచ్చుటకు సెకనులో 25వ వంతు పట్టును. కాని సోనార్‌కు కనబడునది పడవ క్రింది నేల మాత్రమే. ముందు ఏమున్నదో అది చూపజాలదు. ఆ ముందున్నదానిని చూపుటకే పటము. వ్రేలిగోరంత మైక్రో ఎస్.డి. కార్డులో నింపి అమ్మునది ఈ పటమునే. యంత్రము స్వయముగా కొలిచి చెప్పుచున్నదని చాలమంది పొరబడుదురు. కార్డులోనిది ఎవరో, ఎప్పుడో, ఎచటనో కొలిచి గీసినది. ఎవరు కొలిచిరి, ఎప్పుడు కొలిచిరి, అసలు కొలిచిరా అను ప్రశ్నలే కార్డును ఎంచుకొనుటలో ముఖ్యమైనవి.

ఈ కార్డులు పుట్టినది సముద్ర తీరముల కొరకును, అమెరికా దేశపు సరస్సుల కొరకును. అచట మిన్నెసోటా రాష్ట్రములో వేలకొలది సరస్సులు కలవు; రాష్ట్ర ప్రకృతి వనరుల శాఖవారే వానిలో అనేకముల లోతులు కొలిచి పటములు ప్రకటించిరి. అట్టి కొలతలు లభించుచోట కార్డు తయారుచేయువాని పని సులభము. మన దేశములో సముద్రపు పటములను డెహ్రాడూన్‌లోని జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయమువారు తయారుచేయుదురు. కావున కాకినాడ, నిజాంపట్నము పడవలవాడు కొనిన కార్డులో తీరపు లోతులు నమ్మదగినవిగా ఉండును. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థవారు చేపలు దొరకు తావులను గూర్చి ఇచ్చు సూచనలును సముద్రమునకు చెందినవే. నిజాంపట్నములో పనికివచ్చిన కార్డు విజయపురి సౌత్ రేవులో పనికివచ్చునని అనుకొనుట సహజము. అది సరికాదు.

మేము ఒక సాయంకాలము విజయపురి సౌత్ రేవున అట్టి యంత్రమునొకదానిని చూచితిమి. పెద్ద తెర, మంచి వెలుగు. సాగరము ఒడ్డు చక్కగా కనబడుచున్నది. నాగార్జునకొండ ద్వీపమును కనబడుచున్నది. ఒడ్డుకు లోపల అంతయు ఒకే నీలము. లోతు అంకె ఒక్కటియు లేదు. దానిని చేతబట్టిన వృద్ధ మత్స్యకారుడు నవ్వి, "అయ్యా, ఇందులో మా సాగరం ఎంత పెద్దదో కనపడుతుంది గానీ, అడుగు కనపడదు. ఎంత పెద్దదో మాకు ముందే తెలుసు గదా!" అనినాడు. ఆ కార్డు పెట్టెపై దేశములోని జలాశయములన్నియు గలవని వ్రాసియున్నది. అది అబద్ధమనుటకు వీలులేదు. జలాశయము కలదు, దాని లోతులే లేవు.

కనుక అంగడివాని మాట మీద గాని, పెట్టె మీది వ్రాత మీద గాని కొనరాదు. కార్డును యంత్రములో పెట్టించి, తెరపై మీ జలాశయమును తెరిపించి, మీకు బాగుగా తెలిసిన ఒక మూలను దగ్గరకు పెద్దదిగా చేయించి చూడవలెను. లోతు గీతలు, అంకెలు కనబడినచో అది మొదటి పరీక్షలో నెగ్గినట్లు. కనబడనిచో ఎంత తక్కువ వెలకు వచ్చినను కొనుట అనవసరము. ఉచితముగా లభించు సెల్‌ఫోను పటములోను ఒడ్డు గీత కనబడును.

గీతలు కనబడినంత మాత్రమున సరిపోదు. ఇచట మరియొక మోసము కలదు. దీనిని ఎవరును కావలెనని చేసినది కాదు. లెక్కలు గట్టు పద్ధతిలోనే యున్నది. కొలిచిన చోట్లు పది మాత్రమే యున్నను, వాని నడుమ గీతలను కంప్యూటరు తానే ఊహించి నింపగలదు. అడుగుకొక గీత చొప్పున దట్టముగా, అందముగా నింపును. గీతలు దట్టముగా ఉన్న కొలది పటము నిజమైనదని అనిపించును. వాస్తవముగా అనుమానింపవలసినది అట్టి పటమునే. దీనిని పరీక్షించు విధము క్రింద చెప్పెదము. అంతకు ముందు నీటిమట్టమును గూర్చి తెలిసికొనవలెను, ఏలయన మన జలాశయముల విషయములో కీలకమంతయు అచటనే కలదు.

నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టము 590 అడుగులని పత్రికలలో నిత్యము చదువుచున్నాము. ఇది లోతు కాదు. సముద్రమట్టము నుండి నీటి ఉపరితలము ఎంత ఎత్తున ఉన్నదో చెప్పు అంకె. కనీస మట్టముగా 510 అడుగులను లెక్కింతురు. అనగా వర్షకాలపు నిండుకుండకును, వేసవికిని నడుమ నీరు 80 అడుగుల వరకు దిగవచ్చును. మిన్నెసోటా సరస్సులో ఏడాది పొడుగునను నీరు సామాన్యముగా కొద్ది అడుగులకు మించి మారదు. అచటి పటములో 20 అడుగులని ఉన్నచో ఎప్పుడు పోయినను ఇంచుమించు 20 అడుగులే. మన సాగరములో అట్లు కాదు. నీటి ఉపరితలము కదలుచుండును, నేల కదలదు. కావున పటములోని ప్రతి లోతు అంకెకును వెనుక ఒక ప్రశ్న యుండును: ఇది ఏ మట్టమున కొలిచిన లోతు?

ఒక లెక్క చూడుడు. కార్డులోని లోతులు 590 అడుగుల మట్టమునకు వ్రాసినవి అనుకొందము. నేటి మట్టము 548 అడుగులు. భేదము 42. కార్డులో 60 అడుగులని యున్న చోట నేడు నిజముగా ఉన్నది 18 అడుగులే. కార్డులో 35 అని యున్న చోట నేల నీటిపైకి 7 అడుగులు లేచి యుండును. పగటిపూట అయినచో కన్ను చూచును. తెల్లవారుజామున వలలు ఎత్తుటకు పోవువాడు తెరపై 35 అడుగుల నీరున్నదని చూచి ఇంజను వేగము పెంచినచో ఏమగునో చెప్పనక్కరలేదు. నేల పైకి లేచినదానికంటె, నీటికి జానెడు క్రిందుగా నిలిచిన మోడు, బండ ఎక్కువ అపాయకరములు. పుట్టి యైనచో తిరిగి పైకి తేలవచ్చును. ఇంజను బిగించిన నాటు పడవ అడుగు చీలినచో తిరిగి రాదు.

దీనికి వ్యతిరేకమైన తప్పును కలదు. వేసవిలో 530 అడుగుల మట్టమున ఎవరో కొలిచి పటము గీసిరనుకొనుడు. 12 అడుగులని వ్రాసిన చోట, మట్టము 588 చేరినపుడు 70 అడుగుల నీరుండును. ప్రాణాపాయము లేదు గాని, అడుగున తిరుగు చేపకని వేసిన వల నడినీటిలో వ్రేలాడును. ఆ రాత్రి శ్రమ వ్యర్థము.

అందువలన కొనునప్పుడు అడుగవలసిన రెండవ విషయము: ఈ యంత్రములో నేటి నీటిమట్టము భేదమును ఎక్కించు ఏర్పాటు కలదా? కొన్ని యంత్రములలో ఈ ఏర్పాటు కలదు. ఉదాహరణమునకు హమ్మిన్‌బర్డ్ యంత్రములలో లేక్‌మాస్టర్ కార్డు పెట్టినపుడు, నీరు ఎన్ని అడుగులు దిగినదో చెప్పినచో తెరపై లోతులన్నియు ఆ మేరకు మారును. మన జలాశయములకు అత్యవసరమైన గుణమిది. పెద్ద తెరకు ఇచ్చు అదనపు సొమ్ము దీనికి ఇచ్చుట మేలు. నేటి మట్టము ఎంతయో జలవనరుల శాఖవారు ప్రతిదినము ప్రకటించుచున్నారు, పత్రికలలోను వచ్చును. రేవు వద్ద ఒక నల్లబల్లపై ప్రతి ఉదయము ఆ అంకెను సుద్దతో వ్రాయించుట పంచాయతీకి కష్టము కాదు.

ఇక కార్డును పరీక్షించు విధము. అంగడివానిని ఒప్పించి కార్డును ఒక దినము అరువు తీసికొనుడు. లేదా అదే కార్డు గల మరియొక సంఘమువారి యంత్రమును వాడుకొనుడు. ఒకరికొకరు దూరముగా నుండు మూడు చోట్లకు పోవలెను. ప్రతి చోట కార్డు చూపు లోతును, సోనార్ చూపు లోతును ప్రక్కప్రక్కన వ్రాసికొనవలెను. సోనార్ తన అడుగు నుండి లెక్కించును గనుక, అది నీటిలో ఎంత మునిగియున్నదో ఆ మేరకు కలుపవలెను. కార్డు 60, 52, 71 అని చూపుచుండగా సోనార్ 41, 33, 52 అని చూపినది అనుకొందము. మూడు చోట్లను భేదము 19. ఇది మంచి శకునము. నేల ఆకారమును కొలిచియే గీసిరని అర్థము. ఆనాటి మట్టము 560 అడుగులైనచో, పటము 579 అడుగుల మట్టమునకు గీసినదని తేలును. పెట్టెపై వ్రాయని రహస్యము ఇట్లు మనకు దొరకును. ఇక నుండి ఆ 579 లో నేటి మట్టమును తీసివేసి, ఆ భేదమును యంత్రమునకు చెప్పినచో చాలును. అట్లుకాక మూడు చోట్లను భేదము 19, 4, 33 అని వేరువేరుగా వచ్చినచో, ఆ గీతలు కంప్యూటరు ఊహలు. ఆ కార్డును మర్యాదగా తిరిగి ఇచ్చివేయుడు.

కొలిచి గీసిన పటము కూడ కాలము గడచిన కొలది పాతబడును. నదులు ఒండ్రును తెచ్చును. నాగార్జునసాగర్ కట్టిన నాడు దాని నిలువ సామర్థ్యము 408 టి.ఎం.సి.లు. పూడికను కొలిచిన పిదప నేడు లెక్కలోనికి తీసికొనుచున్నది 312 టి.ఎం.సి.లు. అనగా దాదాపు నాల్గవ వంతు తగ్గినది. ఈ ఒండ్రు అంతట సమముగా పరచుకొనదు. నది జలాశయములో ప్రవేశించు చోట వేగము తగ్గగానే ముతక ఇసుక దిగును. సన్నని మట్టి ముందుకు సాగి ఆనకట్ట వరకును పోవును. వాగులు వచ్చి కలియు మూలలు త్వరగా మెరక వేయును. కావున పటము ఏ సంవత్సరపు కొలతలపై ఆధారపడినదో అడుగుట మరువరాదు. సంవత్సరము చెప్పలేనివాని మాటకు విలువ తక్కువ.

మన జలాశయములకు నమ్మదగిన లోతులు గల కార్డు దొరకనిచో ఏమి చేయవలెను? ఇచటనే మా సలహా కొంత భిన్నముగా తోచవచ్చును. పటము కొనకుడు, పటము గీయు యంత్రమును కొనుడు. ఇప్పటి సోనార్ యంత్రములలో కొన్ని, పడవ తిరిగిన మేర లోతులను తామే నమోదు చేసి, ఖాళీ కార్డుపై గీతలు గీయును. గార్మిన్ యంత్రములలో దీనిని క్విక్‌డ్రా అనియు, హమ్మిన్‌బర్డ్‌లో ఆటోచార్ట్ లైవ్ అనియు, లారెన్స్‌లో జెనిసిస్ లైవ్ అనియు పిలుతురు. ఖాళీ కార్డు వెల స్వల్పము. సంఘములోని పడవలు ఎట్లును నిత్యము నీటిపై తిరుగుచున్నవి. ఒక ఋతువులో ఐదారు పడవలు తిరిగిన జాడలు కలిపినచో, ఏ కంపెనీయు అమ్మజాలని పటము మీ రేవుకు ఏర్పడును. ఒకటే నియమము: పని ఆరంభించిన నాటి మట్టమును వ్రాసియుంచవలెను, మట్టము మారినపుడు ఆ మార్పును యంత్రమునకు చెప్పవలెను. లేనిచో జూలైలో కొలిచిన లోతును, అక్టోబరులో కొలిచిన లోతును ఒకే పటములో కలిసి గందరగోళమగును. సంఘములవారు దీనిని అశ్రద్ధ చేయుట చూచి మాకు బాధ కలిగినది, ఏలయన మూడు నెలల పని ఒక్క అంకె వ్రాయనందున చెడిపోవును.

ఖర్చు లేని మరియొక ఉపాయము కలదు. ఐరోపావారి సెంటినెల్-2 ఉపగ్రహములు 2015 నుండి భూమిని చిత్రించుచున్నవి. 10 మీటర్ల మేర వరకు వివరము కనబడును. కొలది దినములకొకసారి క్రొత్త చిత్రము వచ్చును. ఎవరైనను ఉచితముగా చూడవచ్చును. మట్టము 540 అడుగులున్న నాటి చిత్రములో నీటికిని నేలకును నడుమ గల అంచును గీసినచో, అదియే 540 అడుగుల సమోన్నత రేఖ. 530 నాటి చిత్రమున మరియొకటి, 520 నాటి చిత్రమున ఇంకొకటి. నీరు బాగుగా దిగిన వేసవులు మత్స్యకారునకు కష్టకాలములే యైనను, పటమునకు మాత్రము అవియే మంచి కాలములు. జలాశయములలో పూడికను అంచనా కట్టుటకు కేంద్ర జల సంఘమువారు అనుసరించు పద్ధతులలో ఇదియు ఒకటి. నరసరావుపేటలోని ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులకు ఇది కష్టమైన పని కాదు. పంచాయతీవారు పూనుకొని ఒక ఉత్తరము వ్రాసినచో, ఏ ఉపాధ్యాయుడైనను విద్యార్థులకు దీనిని అభ్యాసముగా ఇచ్చుటకు సంతోషించునని మా నమ్మకము.

వేసవిలో నీరు దిగినపుడు కాలినడకన చేయవలసిన పని మరువరాదు. బయల్పడిన మోడులు, బండలు, పాత గోడలు, బావుల వద్దకు పోయి, జి.పి.ఎస్.లో గుర్తు పెట్టి, నీరు ఏ మట్టమున ఉన్నపుడు అది బయల్పడినదో ప్రక్కన వ్రాయవలెను. దీనికి వృద్ధులను వెంట తీసికొనిపోవుట లాభకరము. ఆ లోయ మునుగక ముందు పుట్టినవారు ఇంకను కొందరు మన నడుమ కలరు. ఏ బాట ఎచటికి పోయెడిదో, ఏ చేను గట్టున చింతచెట్టు ఉండెడిదో వారు చెప్పగలరు.

పాత సర్వే పటములు కూడ ఉపకరించును. 2021 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వము పటముల వాడుకపై నున్న ఆంక్షలను చాలవరకు సడలించినది. సర్వే ఆఫ్ ఇండియావారి పటములు ఇంటర్నెట్టులో లభించుచున్నవి. అయితే పాత పటములోని అక్షాంశ రేఖాంశములను ఉన్నవున్నట్లు జి.పి.ఎస్.లో ఎక్కించరాదు. అవి 19వ శతాబ్దిలో నిర్ణయించిన ఎవరెస్టు కొలతపై ఆధారపడినవి. జి.పి.ఎస్. వాడునది డబ్ల్యు.జి.ఎస్.-84 అను వేరు కొలత. రెంటికిని భేదము వందల అడుగులు. బండ కుడిప్రక్కన కలదనుకొని ఎడమకు తిప్పినచో దాని మీదికే పోవుదుము. మార్చు సౌకర్యము యంత్రములలోను, కంప్యూటరులోను కలదు. తెలిసినవారిచే చేయించుకొనుట మంచిది.

ఇట్టిదే మరియొక చిన్న చిక్కు. 16 డిగ్రీల 34.50 నిమిషములు అనుదానిని ఒకరు చెప్పగా మరియొకరు 34 నిమిషముల 50 సెకనులని వ్రాసికొనిరి. 34.50 అనగా 34 నిమిషముల 30 సెకనులే గదా! ఆ 20 సెకనుల భేదము నీటిపై 600 మీటర్లకు మించును. ఒక సంఘములోని యంత్రములన్నియు ఒకే పద్ధతిలో చూపునట్లు అమర్చుకొనవలెను.

పులిచింతల విషయము కొంత వేరు. డాక్టర్ కె.ఎల్. రావు సాగరమని పేరుపెట్టబడిన ఈ జలాశయము పూర్తి మట్టము 175 అడుగులు, నిలువ 45.77 టి.ఎం.సి.లు. మన కాలమున మునిగిన నేల గనుక, ఇచటి మోడులు, ఇండ్ల మొండిగోడలు ఇంకను గట్టిగా నున్నవి. వజ్రములకు లోకప్రసిద్ధమైన కొల్లూరు తావు కూడ ఈ నీటి క్రిందనే కలదు. ఇచట వలలు చిక్కుకొనుట ఎక్కువ. మేలు చేయు విషయము మాత్రము ఒకటి కలదు. వజీరాబాదు నుండి విజయవాడ వరకు 157 కిలోమీటర్ల కృష్ణా నది 4వ జాతీయ జలమార్గములో భాగము. జలమార్గముల అథారిటీవారు జాతీయ జలమార్గములలో లోతులు కొలిపించుట వారి విధి. అచ్చంపేట, బెల్లంకొండ, దాచేపల్లి ప్రాంతముల పంచాయతీలవారు కార్డు కొనుటకు ముందే ఆ సర్వే పటములను గూర్చి వారికి వ్రాసి విచారించుట తెలివైన పని. మట్టము అంకె విషయములో మాత్రము జాగ్రత్త. సాగరము లెక్క 590 నుండి, పులిచింతల లెక్క 175 నుండి. రెండు జలాశయములలోను వేటాడువారు ఒకదాని అంకెను రెండవదానికి పెట్టినచో పటమంతయు తలక్రిందులగును.

గ్రామ చెరువులకు ఈ ఆర్భాటమేదియు అక్కరలేదు. గురజాల, పిడుగురాళ్ల ప్రాంతములలో పంచాయతీ అధీనమున గల చెరువుకు జి.పి.ఎస్. కార్డు కొనవలెనని ఎవరైన ప్రతిపాదించినచో, సభ్యులు నిస్సంకోచముగా కాదనవచ్చును. త్రాటికి అడుగుకొక ముడి వేసి, కొనకు రాయి కట్టి, తెప్పపై ఒక ఉదయము తిరిగినచో చెరువు లోతంతయు కాగితముపై కెక్కును. తూము గడప నుండి లెక్కించి వ్రాసినచో మట్టము చిక్కును తీరును.

కార్డు ఎంత మంచిదైనను చూపజాలని గీతలు కొన్ని కలవు. 2014 జూన్ 2 నుండి కృష్ణకు ఆవలి ఒడ్డు తెలంగాణ రాష్ట్రము. వేట లైసెన్సు ఏ రాష్ట్రపు మత్స్యశాఖవారిదో ఆ రాష్ట్రపు నీటికే చెల్లును. సాగరము ఎగువ భాగమున నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యపు హద్దు ఒడ్డు వరకు వచ్చును. అటవీశాఖ అనుమతి లేనిదే అచట దిగరాదు. ఆనకట్టకును, విద్యుత్కేంద్రపు నీటి ద్వారములకును సమీపమున వేట నిషిద్ధము. ఈ హద్దులను మత్స్యశాఖ, అటవీశాఖ అధికారులచే చెప్పించుకొని, సంఘమువారే తమ యంత్రములలో ఎఱ్ఱ గీతగా గీసికొనవలెను. తెలియక దాటితిమను మాట అధికారి వద్ద చెల్లదు.

కొనుగోలునకు సంబంధించిన వ్యవహారము కొద్దిగా చెప్పి ముగించెదము. ఒక కంపెనీ కార్డు మరియొక కంపెనీ యంత్రములో పనిచేయకపోవచ్చును. లేక్‌మాస్టర్ కార్డులు హమ్మిన్‌బర్డ్ యంత్రములకే సరిపోవును. నావియోనిక్స్‌ను 2017లో గార్మిన్‌వారు కొనిరి. సి-మ్యాప్, లారెన్స్ ఒకే సంస్థ క్రింద కలవు. యజమానులు మారిన కొలది ఏది దేనికి సరిపోవునో మారుచుండును గనుక, యంత్రపు నమూనా సంఖ్యను కొనుగోలు పత్రములో వ్రాయించి, "ఈ కార్డు ఈ యంత్రములో మా జలాశయపు లోతులను చూపనిచో తిరిగి తీసికొందుము" అని అంగడివానిచే సంతకము చేయించుకొనవలెను. కొన్ని కార్డులకు సంవత్సర చందా చెల్లించినగాని క్రొత్త కొలతలు రావు. ఆ సంగతి ముందే అడుగుడు. మన ఎండలో తెర కనబడునో లేదో మిట్టమధ్యాహ్నము వీధిలోనికి తెచ్చి చూడుడు, అంగడిలోని నీడలో కాదు.

గుర్తులకు నకలు ఉంచుకొనుటను మాత్రము ఎవరును తలంచుట లేదు. యంత్రములో నమోదైన గుర్తులను కార్డుపైకి ఎక్కించి, పంచాయతీ కార్యాలయపు కంప్యూటరులో నెలకొకసారి భద్రపరచవచ్చును. మేమెరిగిన ఒక సంఘమువారి యంత్రము గాలివానలో పడవతో పాటు నీటి పాలయ్యెను. దైవకృపచే పడవలోని ఇద్దరును లైఫ్ జాకెట్లు తొడిగియుండిరి గనుక ఒడ్డు చేరిరి. మూడేండ్లుగా పెట్టిన గుర్తులన్నియు యంత్రముతోనే పోయినవి. వారిలో ఒక యువకుడు తన కూతురి పాత నోటుపుస్తకములో వెనుక పుటలయందు, మట్టముతో సహా, వ్రాసికొనిన 40 గుర్తులు మాత్రము మిగిలినవి. క్రొత్త యంత్రములోనికి వానిని ఎక్కించుటకు వారికి రెండు సాయంకాలములు పట్టినది.